బాగున్నాడా అని ఎవరిని అడుగుతున్నాము?



తెలుగువారము ఏ రాష్ట్రములో స్థిరపడినా ఒక అలవాటు మాత్రము విడిచిపెట్టలేదు. మనిషి ఎదురుపడగానే "బాగున్నారా?" అని అడుగుతాము. షోలాపూరులో మూడు తరాలుగా మగ్గాల మధ్య బ్రతుకుతున్నవారైనా, బళ్ళారి పల్లెలలో సేద్యము చేసుకొనేవారైనా, చెన్నైలోనో బరంపురములోనో పుట్టి పెరిగినవారైనా, బయట ఏ భాష మాట్లాడినా మనవారు కనబడగానే ఈ మాట తెలుగులోనే వస్తుంది. ఆ తరువాతనే మిగిలిన సంగతులు.

ఈ చిన్న ప్రశ్నను గురించే ఈసారి వ్రాయదలచాము. ఎందుకంటే, ఒక ఇంటిలో ఈ ప్రశ్నను మేము తొమ్మిది సంవత్సరములు అడగవలసిన మనిషిని అడగలేదు.

షోలాపూరులో మాకు బాగా తెలిసిన కుటుంబము ఒకటి ఉన్నది. తండ్రి పవర్లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు, ఇప్పుడు లేడు. తల్లి ఇంటి గడప దగ్గర కూర్చుండి బీడీలు చుడుతుంది. కూతురు పెళ్ళి అయి భివండిలో కాపురమున్నది. కొడుకుకు పందొమ్మిదవ ఏట స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి వచ్చింది. ఆ ఇంటికి వెళ్ళినప్పుడెల్లా మేము తల్లినే అడిగేవారము: "అక్కా, అబ్బాయి బాగున్నాడా?" ఆమె చేటలోని ఆకు మీదినుండి తల ఎత్తకుండానే, "ఆఁ, బాగనే ఉన్నడు. మందులు ఏసుకుంటున్నడు. లొల్లి చేస్తలేడు" అనేది. అబ్బాయి అక్కడే గోడకు ఆనుకొని మా మాటలు వింటూ ఉండేవాడు. మేము సంతోషించి, టీ త్రాగి వచ్చేవారము.

ఒకనాడు అతడే నోరు విప్పాడు. "నేనీడనే ఉన్న గద. నన్నడుగరేంది?"

మాకు సిగ్గు కలిగింది. అతని వైపు తిరిగి, "బాగున్నావా నాయనా?" అన్నాము.

"లేను" అన్నాడు.

"మరి నీకు ఏమి కావాలి?"

అతడు చాలాసేపు ఆలోచించాడు. తరువాత నెమ్మదిగా, "అక్క ఇంటికి ఒక్కన్నే రైల్ల పోవాలె" అన్నాడు.

తల్లి చేతులు ఆగిపోయాయి.

జబ్బు ఏది, మనిషి ఎవరు

ముందుగా ఈ వ్యాధిని గురించి నాలుగు మాటలు చెప్పుకొందాము. స్కిజోఫ్రీనియా అనే పేరు 1908లో స్విట్జర్లాండు దేశపు వైద్యుడు యూజెన్ బ్లూలర్ పెట్టినది. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉన్నట్లు సినిమాలలో చూపించేది ఈ వ్యాధి కాదు. ఇందులో ఎదురుగా ఎవరూ లేకపోయినా మాటలు వినబడతాయి. ఎవరో తనను వెంటాడుతున్నారనో, అన్నములో ఏదో కలిపారనో గట్టి నమ్మకము ఏర్పడుతుంది. మాటకు మాటకు పొంతన పోతుంది. ఇది బయటికి కనబడే భాగము. కనబడని భాగము మరొకటి ఉన్నది. ఉత్సాహము అణగిపోతుంది. స్నానము చేయడానికి కూడ లేవబుద్ధి కాదు. నలుగురిలో కూర్చోవడము బరువవుతుంది. మన ఇండ్లలో దీనినే బద్ధకమనీ, తిని కూర్చోవడమనీ అంటారు.

ప్రపంచములో సుమారు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తల్లిదండ్రుల పెంపకము చెడి ఇది రాదు. ఎవరో చేసిన పాపము వలన రాదు, దయ్యము వలన రాదు. ఈ వ్యాధి గలవారిలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. వారు ఇతరులను కొట్టడము కంటె ఇతరుల చేతిలో దెబ్బలు తినడమే ఎక్కువ.

ఒక సంగతి గమనించవలెను. ఈ వ్యాధి ఎక్కువగా పదిహేడు పద్దెనిమిది మొదలు ముప్పై ఏండ్ల లోపల బయటపడుతుంది. పురుషులలో కొంచెము ముందు, స్త్రీలలో కొంచెము ఆలస్యము. ఏ ప్రాయములో మనిషి తాను ఏమి చదవాలి, ఏ పని పట్టాలి, ఎవరితో కలసి బ్రతకాలి అని ఆలోచించుకొంటాడో, సరిగ్గా ఆ ప్రాయములోనే వచ్చి పడుతుంది. తోటివారు ఒక్కొక్కరే ఉద్యోగాలలో చేరుతారు, పెళ్ళిళ్ళు చేసుకొంటారు. ఇతడు మాత్రము పందొమ్మిదవ ఏట ఆగిన చోటనే ఉంటాడు. జబ్బు ఎంత బాధిస్తుందో ఈ ఆగిపోవడము కూడ అంత బాధిస్తుంది. కాని దీనిని గురించి ఆసుపత్రి చీటీ మీద ఒక్క ముక్క ఉండదు.

బాగు అంటే ఎవరి బాగు?

1952లో పారిస్ నగరములో క్లోర్‌ప్రోమజీన్ అనే మందును మానసిక రోగులకు ఇవ్వడము మొదలయింది. ఆ తరువాత వచ్చిన మందులన్నీ కలసి లక్షలాది మందిని ఆసుపత్రి గోడల మధ్యనుండి ఇంటికి చేర్చాయి. ఈ మేలు చిన్నది కాదు. మందులు చాలమందికి వినబడే మాటలను తగ్గిస్తాయి, భయాలను అణచుతాయి. అయితే ఆ కనబడని రెండవ భాగము మీద, అనగా అణగిపోయిన ఉత్సాహము మీద, వాటి ప్రభావము చాల తక్కువ. పైగా కొందరికి మగతగా ఉండడము, బరువు పెరగడము, చేతులు వణకడము వంటివి వస్తాయి.

కాబట్టి మనిషి ఇంటికి వచ్చాడు. మందు మ్రింగుతున్నాడు. నిశ్శబ్దముగా ఉన్నాడు. ఇక అతడు బాగున్నాడా? మనము సాధారణముగా మూడు కొలతలు పెడతాము. మందులు వేసుకొంటున్నాడా? గొడవ చేయడము మానినాడా? ఇల్లు దాటి పోకుండ ఉన్నాడా? ఈ మూడింటిని నిదానించి చూస్తే, ఇవి చాలవరకు మన బాగుకు కొలతలు. ఇంటివారికి నిద్ర పట్టాలి, ఇరుగుపొరుగువారికి ఇబ్బంది ఉండకూడదు, పరువు నిలవాలి. ఇవి అక్కరలేనివి అని మేము అనడము లేదు. కాని మనలో ఎవరినైనా "బాగున్నారా?" అని అడిగితే, "ఆఁ, నేను గొడవ చేయడము లేదు" అని జవాబు చెబుతామా? పిల్లల చదువు సంగతి, పని సంగతి, కట్టుకొంటున్న ఇంటి సంగతి, రేపు వెళ్ళబోయే పెళ్ళి సంగతి చెబుతాము. మన బాగు అంతా మనము ఎటు పోవాలని అనుకొంటున్నామో, ఆ దారిలో ఎంత దూరము వచ్చామో అనే దానిలో ఉన్నది. అతని బాగుకు మాత్రము వేరే కొలత ఎందుకు?

జబ్బుపడిన మనసు కోరేది కోరికేనా?

దీనికి పెద్దలు ఒక జవాబు చెబుతారు. "మనసే చెడినవాడు తనకు ఏది మంచిదో ఎట్లా తెలుసుకొంటాడు? వాని తరఫున మనమే ఆలోచించాలి గదా!" ఇది కఠినులు చెప్పే మాట కాదు, ప్రేమగలవారు చెప్పే మాట. కనుక దీనిని తేలికగా త్రోసివేయరాదు.

ఇంగ్లాండు తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో స్వేచ్ఛను గురించి వ్రాసిన గ్రంథములో ఒక వంతెన ఉదాహరణ ఉన్నది. కూలిపోయేటట్లున్న వంతెన మీదికి ఒకడు తెలియక వెళుతున్నాడు, చెప్పడానికి వ్యవధి లేదు. అప్పుడు అతనిని పట్టి ఆపవచ్చును. కాని ప్రమాదము ఉండవచ్చునని మాత్రమే తెలిసి, చెప్పడానికి సమయము ఉంటే, హెచ్చరించి వదిలిపెట్టవలెను. పోవడము, మానడము అతని ఇష్టము. అయితే చిన్నపిల్లలకు, మతి తప్పిన స్థితిలో ఉన్నవారికి ఇది వర్తించదని ఆయనే మినహాయింపు పెట్టాడు.

మన చిక్కంతా ఆ మినహాయింపులోనే ఉన్నది. వ్యాధి తీవ్రముగా ఉన్న రోజులలో, భయముతో మేడమీదినుండి దూకబోతున్న మనిషిని పట్టి ఆపవలసినదే. అందులో వాదన లేదు. కాని తీవ్రత అనేది కొన్ని రోజులు, కొన్ని వారములు, కొందరికి కొన్ని నెలలు. మనము ఆ కొన్ని వారముల మినహాయింపును బ్రతుకంతటికీ చట్టము చేస్తాము. పైగా తీవ్రత ఉన్నప్పుడైనా మనసంతా ఒకేసారి చెడిపోదు. పొరుగువాడు తనమీద కుట్ర పన్నుతున్నాడని నమ్మే మనిషికి కూరగాయల ధర తెలుసు, అక్క మీద ప్రేమ తెలుసు, తనకు ఏ పని చేతకాదో తెలుసు. ఒక విషయములో పొరబడినవాడు అన్ని విషయములలోను పొరబడినవాడు కాడు. అట్లయితే మనలో ఎవరమూ మిగలము.

మన దేశపు చట్టము కూడ ఈ మాటే ఒప్పుకొన్నది. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చింది. మానసిక వ్యాధి ఉన్నదని తేలినంత మాత్రాన ఆ మనిషిని మతిలేనివాడుగా ఎంచరాదని అందులో ఉన్నది. తన వైద్యము ఎట్లా జరగవలెనో, ఎట్లా జరగకూడదో ముందుగానే వ్రాసి పెట్టుకొనే హక్కు, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తానే ఎన్నుకొనే హక్కు కూడ ఆ చట్టము ఇచ్చింది.

ఇక భవిష్యత్తు సంగతి. "ఇది కుదిరే జబ్బు కాదు, ఆశ పెట్టి ఏమి లాభము?" అనేవారు ఉన్నారు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రపు ఆసుపత్రిలో, బయటికి పంపడానికి పనికిరారని అనుకొన్న 269 మంది రోగులను 1950లలో శిక్షణ ఇచ్చి ఊళ్ళలోనికి పంపించారు. సుమారు ముప్పై రెండు సంవత్సరముల తరువాత కోర్ట్నీ హార్డింగ్ అనే ఆమె, ఆమె తోటివారు వారిని వెదకి చూశారు. 1987లో ప్రచురించిన ఫలితముల ప్రకారము, వారిలో సగమునుండి మూడింట రెండు వంతుల వరకు బాగా మెరుగుపడ్డారు, లేదా పూర్తిగా కోలుకొన్నారు. ఈ వ్యాధి గలవారిలో కనీసము ముగ్గురిలో ఒకరు పూర్తిగా కోలుకోగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ చెబుతున్నది. మిగిలిన ఇద్దరి మాట ఏమిటి? వారికి కూడ బ్రతుకు ఉన్నది గదా. వ్యాధి పూర్తిగా పోతేనే బ్రతుకు మొదలు కావాలంటే వారు ఎప్పటికీ మొదలుపెట్టలేరు.

"ముందు బాగుపడనీ" అనే మాట

మన ఇండ్లలో ఎక్కువగా వినబడే మాట ఇదే. "ముందు బాగుపడనీ, తరువాత పని చూద్దాము." "ముందు బాగుపడనీ, తరువాత ఊరికి పోదాము." వినడానికి న్యాయముగానే ఉన్నది. కాలు విరిగినవాడు కట్టు విప్పిన తరువాతనే నడవాలి గదా!

కాని ఈ విషయములో వరుస తిరగబడి ఉండవచ్చునని ఇటీవలి పరిశీలనలు చెబుతున్నవి. మానసిక చికిత్సలో పేరుపొందిన ఆరన్ బెక్, ఆయన సహచరులు 2012లో ఒక పరిశీలన ప్రచురించారు. ఎంతోకాలముగా వ్యాధితో ఉండి, ఏ పనీ లేకుండ ఒక మూల ఉండిపోయిన 60 మందిని తీసుకొన్నారు. అందులో కొందరికి మామూలు వైద్యముతో పాటు ఒక ప్రత్యేకమైన సంభాషణ చికిత్స ఇచ్చారు. అందులో మొదటి మెట్టు జబ్బును గురించి అడగడము కాదు. నీకు ఏమి కావాలి, నీవు ఏమి చేయాలని అనుకొంటావు అని అడగడము. ఆ కోరికను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, అడ్డము వచ్చినవాటిని ఒక్కొక్కటిగా తొలగించుకొంటూ వచ్చారు. పద్దెనిమిది నెలల తరువాత చూస్తే, ఆ చికిత్స పొందినవారు మిగిలినవారికంటె చురుకుగా ఉన్నారు. అణగిన ఉత్సాహము కొంత లేచింది. వినబడే మాటలు, భ్రమలు వంటివి కూడ తగ్గాయి. మనము బద్ధకము అనుకొన్నదానిలో కొంత భాగము, "ఎట్లాగూ నాతో కాదు" అనే ఓటమి నమ్మకమేనని బెక్ బృందము తెలుసుకొన్నది. ఆ నమ్మకము ఎక్కడనుండి వచ్చింది? కొంత జబ్బు నేర్పింది. కొంత మనము నేర్పాము.

ఉద్యోగముల విషయములో కూడ ఇట్లాగే జరిగింది. అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబోరా బెకర్ అనేవారు 1990లలో ఒక పద్ధతి రూపొందించారు. ఏండ్ల తరబడి బుట్టలు, కొవ్వొత్తులు చేయించి, "ఇప్పుడు తయారయ్యాడు" అన్న తరువాత పనికి పంపే పాత వరుసను వారు పక్కన పెట్టారు. పని కావాలని కోరిన ప్రతివారికీ, వారికి ఇష్టమైన నిజమైన జీతపు పనిని త్వరగా వెదకి, పనిలో చేరిన తరువాత ప్రక్కన నిలబడి సహాయము చేశారు. అనేక దేశములలో పరీక్షించగా, ఈ పద్ధతిలోనే ఎక్కువమంది ఉద్యోగములలో నిలిచారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కోరిక అనగానే మనము గొప్పవారి పేర్లు చెబుతాము. గణిత శాస్త్రజ్ఞుడు జాన్ నాష్ ఈ వ్యాధితో ఏండ్ల తరబడి బాధపడి, 1994లో నోబెల్ బహుమానము అందుకొన్నాడని చెబుతాము. సంతోషమే. కాని ఆ బహుమానము ఆయన వ్యాధికి ముందు, యౌవనములో చేసిన పనికి వచ్చింది. బీడీలు చుట్టే తల్లి కొడుకుకు నాష్ కథ చెబితే, అతడు "నేను అంతవాడిని కాను" అని మరింత ముడుచుకొని పోవచ్చును. అక్క ఇంటికి రైలులో పోవడము నోబెల్ బహుమానముకంటె చిన్న కోరిక అని మేము అనుకోము. అది అతని కోరిక. దానికి ఆ విలువ చాలును.

ప్రమాదము లేని బ్రతుకు

తల్లి చేతులు ఎందుకు ఆగిపోయాయో ఇప్పుడు చెప్పాలి. జబ్బు వచ్చిన మూడవ ఏట అబ్బాయి ఒక రాత్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. పదకొండు రోజుల తరువాత గుల్బర్గా స్టేషనులో, చెప్పులు లేకుండ, మాసిన బట్టలతో దొరికాడు. ఆ పదకొండు రోజులు ఆ తల్లి ఎట్లా గడిపిందో మేము కండ్లారా చూశాము. "మళ్ళ రైలంటున్నడు" అని ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది. ఆమె భయమును ఎవరు తప్పు పట్టగలరు?

ఆ భయము ఉత్తది కాదు. ముంబయి దగ్గర కర్జత్‌లో డాక్టరు భరత్ వాట్వానీ, ఆయన భార్య డాక్టరు స్మిత 1988లో మొదలుపెట్టిన శ్రద్ధా పునరావాస సంస్థ వారి ఆశ్రమము ఉన్నది. ఇల్లు తప్పిపోయి వీధులలో తిరుగుతున్న మానసిక రోగులను తీసుకొనివచ్చి, వైద్యము చేసి, వారి భాష కనుక్కొని, ఊరు కనుక్కొని, దేశములో ఎంత దూరమైనా తీసుకొని వెళ్ళి ఇంటివారికి అప్పగించడము వారి పని. ఈ సేవకే వాట్వానీగారికి 2018లో రామన్ మెగసెసే బహుమానము లభించింది. అట్లాంటి సంస్థ అవసరమైనదంటే, దారి తప్పినవారు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చును.

అయితే భయము ఒక్కటే మనకు సలహా చెబితే అది ఎక్కడికి తీసుకొనిపోతుందో కూడ చూడవలెను. తమిళనాడులో రామనాథపురము జిల్లా ఎర్వాడిలో, దర్గా చుట్టుప్రక్కల, స్వస్థత కొరకు తెచ్చిన రోగులను ఉంచే ప్రైవేటు ఇండ్లు ఉండేవి. పారిపోకుండ వారిని గొలుసులతో కట్టేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అట్లాంటి ఒక పాకకు నిప్పంటుకొన్నది. గొలుసులు తెంచుకోలేక 28 మంది కాలిపోయారు. వారిని అక్కడ వదిలినవారు శత్రువులు కారు, చాలవరకు సొంతవారే. దర్గాకు గాని, గుడికి గాని, మన ప్రార్థన కూటములకు గాని తీసుకొనివచ్చి స్వస్థత కోరడము వేరు. మందు మాన్పించి, కాళ్ళు కట్టి, క్షేమమనుకోవడము వేరు. ఇప్పుడు 2017 చట్టము గొలుసులు వేయడమును ఏ రూపములోనైనా నిషేధించింది. కాని గొలుసు ఇనుముదే కానక్కరలేదు. బయట గొళ్ళెము పెట్టిన తలుపు ఉన్నది. "నీకేమి తెలుసు, కూర్చో" అనే మాట ఉన్నది.

1972లో అమెరికాలో రాబర్ట్ పెర్స్కే అనే ఆయన, బుద్ధి ఎదుగుదల తక్కువైనవారిని గురించి వ్రాస్తూ, కొంత అపాయమును ఎదుర్కొనే అవకాశము కూడ మనిషి గౌరవములో ఒక భాగమేనని వాదించాడు. ఆలోచించి చూస్తే మన తాతముత్తాతలు కూడ అదే చేశారు. పాలమూరునుండో కరీంనగరునుండో ఒరిస్సా సరిహద్దులనుండో, భాష తెలియని ఊళ్ళకు బయలుదేరినప్పుడు వారికి ఎవరూ క్షేమమని హామీ ఇవ్వలేదు. వారు ఆ అపాయమునకు ఒప్పుకొన్నందువలననే మనము ఇక్కడ ఉన్నాము. వలస వచ్చినవారి బిడ్డలమైన మనము, ఇంకొక మనిషి ఒంటరిగా రైలు ఎక్కుతానంటే మాత్రము వెర్రి అంటున్నాము.

కోరికలు ఎదురుపడినప్పుడు

ఇంతవరకు చదివినవారు, "అతడు ఏది కోరితే అది ఇవ్వమంటారా?" అని అడగవచ్చును. కాదు. రెండు కష్టమైన సందర్భములు చెబుతాము.

మొదటిది మందులు మానివేస్తాననడము. మందు ఉన్నట్టుండి మానితే చాలమందికి వ్యాధి తిరగబెడుతుంది. అందువలన ఇక్కడ "నీ ఇష్టము" అని ఊరుకోలేము. కాని "నోరు మూసుకొని మ్రింగు" అనడమూ జవాబు కాదు. ఎందుకు మానాలని ఉన్నదో అడగాలి. మా ఎరుకలో ఒకాయన మగ్గము మీద చేయి వణుకుతున్నదని మందు దాచేవాడు. అతనికి కావలసినది మందు మానడము కాదు, మగ్గము నడపడము. ఆ సంగతి వైద్యునితో చెప్పగా ఆయన మోతాదు తగ్గించి, మందు మార్చి చూశాడు. అడిగితే మందుకు కోరిక శత్రువు కాలేదు. మందు ఎందుకు వేసుకోవాలో కోరికే చెప్పింది.

రెండవది పెళ్ళి. "పెళ్ళి చేస్తే కుదురుతుంది" అనే మాట మనలో చాల బలమైనది. కాని అది సాధారణముగా రోగి కోరిక కాదు, ఇంటివారి కోరిక. జబ్బు దాచి పెళ్ళి చేస్తారు. అత్తవారింట మందులు దాచుకొని మ్రింగాలి, లేదా మానాలి, వ్యాధి తిరగబెడుతుంది, అమ్మాయి పుట్టింటికి వస్తుంది. చెన్నైలోని స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ, దీనినే స్కార్ఫ్ అంటారు, 1984లో డాక్టరు శారదా మీనన్ స్థాపించినది. భర్తలు విడిచిపెట్టిన ఇట్లాంటి స్త్రీలను గురించి ఆ సంస్థవారు 2003లో వ్రాశారు. వ్యాధి ఒక భారము, విడిచిపెట్టబడడము రెండవ భారము, చివరికి ముసలి తల్లిదండ్రులే దిక్కు. మరి రోగియే స్వయముగా పెళ్ళి కోరితే? కోరవచ్చును, అది మనిషి సహజమైన కోరిక. అయితే అవతలివారికి నిజము చెప్పి కోరవలెను. ఒకరి బాగు ఇంకొకరిని మోసగించి కట్టుకొనేది కారాదు. జబ్బు ఉన్నందువలన ఈ నియమము సడలిపోదు. సడలిస్తే అతనిని పూర్తి మనిషిగా ఎంచలేదన్నమాటే.

తల్లిని కూడ మరచిపోరాదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టితేగాని ఇల్లు గడవని ఆమెకు కూడ కోరికలు ఉన్నవి. ఒక రాత్రి నిశ్చింతగా నిద్రపోవాలి. కూతురు కాన్పుకు వెళ్ళాలి. కొడుకు కోరికను తీర్చే బరువంతా ఆమె ఒక్కతె మీద వేసి, మేము నీతులు వ్రాసి ఊరుకొంటే అది అన్యాయము. ఆ బరువులో వంతు తీసుకోనివారికి సలహా చెప్పే అధికారము లేదని మేము అనుకొంటున్నాము.

మనము చేయగలిగినవి

ఆసుపత్రికి తోడు వెళ్ళినప్పుడు రోగిని మాట్లాడనివ్వండి. మన కుటుంబములలో తరచుగా ఒక విచిత్రము జరుగుతుంది. బడిలో మరాఠీయో కన్నడమో తమిళమో చదివిన రోగికి వైద్యుని భాష చక్కగా వచ్చును, తల్లికి రాదు. అయినా వైద్యుడు తల్లినే అడుగుతాడు, మనము తెలుగులోనికి మార్చి చెబుతాము, తల్లి జవాబును తిరిగి మార్చి చెబుతాము. భాష వచ్చిన మనిషి మధ్యలో మౌనముగా కూర్చుండి ఉంటాడు.

దగ్గరలోని జిల్లా ఆసుపత్రిలో విచారించండి. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 1980లలో బళ్ళారి జిల్లాలో చేసి చూపిన పని నమూనాగా, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలయింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును. తెలుగుతో సహా అనేక భాషలలో మాట్లాడుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టములో మానసిక వ్యాధి కూడ చేరి ఉన్నది గనుక, అర్హత గలవారు ధ్రువపత్రము తీసుకొనవచ్చును. ఒంటి ఆరోగ్యము కూడ చూడవలెను. ఈ వ్యాధి గలవారు తొందరగా చనిపోవడానికి గుండె జబ్బు, షుగరు వంటివే చాలవరకు కారణము.

వీటన్నిటికంటె ముందు, ఆ ఇంటికి వెళ్ళినప్పుడు అతనిని అడగండి. జవాబు వెంటనే రాకపోతే వేచి ఉండండి. తొమ్మిదేండ్లుగా ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు ఒక్క నిమిషములో రాదు.

చివరి మాట

షోలాపూరు అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాము. మందు మార్పులేకుండ మూడు నెలలు నిలకడగా ఉన్న తరువాత, వైద్యునితో మాట్లాడి ప్రయత్నము మొదలుపెట్టాము. మొదట తోడు ఉండి కుర్దువాడి వరకు పోయి వచ్చాము. తరువాత అతడు వేరే పెట్టెలో, మేము వేరే పెట్టెలో. చొక్కా జేబులో పేరు, ఫోను నంబరు వ్రాసిన చీటీ పెట్టుకొన్నాడు. మూడవసారి ఒంటరిగా బయలుదేరి, జనములో మాటలు ఎక్కువగా వినబడి, కుర్దువాడిలోనే దిగి తిరిగి వచ్చేశాడు. ఆ రోజు చాల కృంగిపోయాడు. మేమూ కృంగిపోయాము. తల్లి మాత్రము, "పోయినవాడు తనంతట తనే మర్లి వచ్చిండు గద" అన్నది. గుల్బర్గాకు, కుర్దువాడికి ఉన్న తేడా ఆమె చూసింది. మేము చూడలేదు.

రెండు నెలల తరువాత అతడు మరల రైలు ఎక్కాడు. కళ్యాణ్‌లో దిగి, బస్సు ఎక్కి, భివండి చేరి, అక్క ఫోనునుండి తల్లికి ఫోను చేశాడు. ఆ రాత్రి ఆమె చుట్టిన బీడీలలో చాల వాటిని కార్ఖానావారు త్రిప్పి పంపారు.

అతనికి మాటలు ఇంకా వినబడుతున్నవి. మందులు వేసుకొంటూనే ఉన్నాడు. పని దొరకలేదు. మొన్న మేము వెళ్ళినప్పుడు, "బాగున్నావా?" అని అతనినే అడిగాము.

"కొంచెం" అన్నాడు. తరువాత మా వైపు చూసి, "మీరు బాగున్నరా?" అని అడిగాడు. ఇన్నేండ్లలో అతడు మమ్మును ఆ మాట అడగడము అదే మొదటిసారి. మాకు తోచినంత జవాబు చెప్పాము.